సాలిడ్‌వర్క్స్ నుంచి ఫ్రీక్యాడ్‌కి: బొబ్బిలిలో ఒక షీట్ మెటల్ వర్క్‌షాప్ కేస్ స్టడీ

మాది బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాప్. షీట్ కోసే ఒక షియరింగ్ మెషిన్, షీట్ వంచే ఒక హైడ్రాలిక్ ప్రెస్ బ్రేక్, ప్లేట్ రోలింగ్ మెషిన్, వెల్డింగ్ సెట్లు, అంతే. లేజర్ కటింగ్ మా దగ్గర లేదు, విశాఖ ఆటోనగర్‌కి ఫైళ్లు పంపి కోయించి తెచ్చుకుంటాం. పలాస జీడి ఫ్యాక్టరీలకి ట్రేలు, హాపర్లు (గరాటులాంటి తొట్లు), చుట్టుపక్కల రైస్ మిల్లులకి దుమ్ము వేరుచేసే సైక్లోన్లు, ఎలివేటర్ బూట్లు (ఎలివేటర్ కింది భాగాలు), గరివిడి వైపు ప్లాంట్లకి సరుకు జారే చూట్లు, గాలి వెళ్లే డక్టులు చేస్తాం. డిజైన్, డ్రాయింగ్ పని నాది. కంప్యూటర్‌లో మోడళ్లు, డ్రాయింగ్‌లు గీసే సాలిడ్‌వర్క్స్ ప్రోగ్రామ్‌లో ఏళ్ల తరబడి నడిచిన పనిని ఫ్రీక్యాడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌కి మార్చాం. ఇలాంటి వర్క్‌షాపులవాళ్లు చాలామంది మార్చితే ఏమవుతుందని అడుగుతున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. బెండింగ్ లెక్కల గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ మార్పులో షీట్ పాడయ్యేది, డబ్బు పోయేది అక్కడే. ఏ బటన్ ఎక్కడుందో ఎవరైనా కొద్ది రోజుల్లో నేర్చుకుంటారు.

సాలిడ్‌వర్క్స్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. 1995 నుంచి ఉన్న ప్రోగ్రామ్, మా పనికి కావలసినదానికంటే ఎక్కువే ఇస్తుంది. సమస్య ఏమిటంటే మాకున్నది ఒక్క లైసెన్స్, పని చేయాల్సినవాళ్లం ముగ్గురం. నేను ఒక హాపర్ గీస్తుంటే జూనియర్ అమ్మాయి పక్కన కూర్చుని ఎదురు చూడాలి, షాప్‌లో మేస్త్రికి ఒక్క కొలత సందేహం వస్తే పని ఆపి నా దగ్గరికి రావాలి. ఇంకో రెండు లైసెన్సులు కొనడమా, వేరే ప్రోగ్రామ్‌కి వెళ్లడమా అన్నది మా యజమాని ముందున్న ప్రశ్న. లక్షల్లో ఖర్చు పెట్టేదానికంటే ఆ డబ్బుతో ప్రెస్ బ్రేక్‌కి ఒక మంచి డై సెట్ (షీట్ వంచే అచ్చులు) కొందాం అన్నారు ఆయన. నాకూ అదే సబబు అనిపించింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "ఉచితం" అని కనపడే ప్రతిదీ వర్క్‌షాప్‌లో వాడుకోవడానికి కాదు. ఇదే పనికి వాడే వేరే ప్రోగ్రాముల్లో సాలిడ్ ఎడ్జ్ కమ్యూనిటీ ఎడిషన్, ఫ్యూజన్ పర్సనల్ లైసెన్స్ రెండూ వ్యాపారేతర వాడకానికి ఇచ్చినవి. బిల్లు వేసి డబ్బు తీసుకునే పనికి వాటిని వాడటం తప్పు, రేపు కస్టమర్ ఆడిట్ అడిగితే తలనొప్పి కూడా. ఫ్రీక్యాడ్ ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద వస్తుంది, వ్యాపారానికి వాడుకోవచ్చు, ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు. అయినా చాలాకాలం దాని జోలికి వెళ్లలేదు. కారణం, మోడల్‌లో వెనక్కి వెళ్లి ఒక కొలత మార్చితే లోపల ముఖాల నంబర్లు మారిపోయి, ఆరో ముఖం మీద ఉన్న రంధ్రం ఏడో ముఖం మీదకి వెళ్లిపోయేది, లేదా మొత్తం ఎర్రగా విరిగిపోయేది. 2024 నవంబర్‌లో వచ్చిన 1.0 వెర్షన్‌లో ఆ సమస్య చాలావరకు సర్దుకుంది. పూర్తిగా పోలేదు, కానీ రోజువారీ పనికి నమ్మి కూర్చోవచ్చు అనే స్థాయికి వచ్చింది. అప్పుడే మొదలుపెట్టాం.

మొదట తీసుకున్న నిర్ణయం: పాత మోడళ్లని మార్చం. సాలిడ్‌వర్క్స్ పార్ట్ ఫైలు ఫ్రీక్యాడ్‌లో నేరుగా తెరుచుకోదు, చాలా ప్రోగ్రాములు చదవగల స్టెప్ ఫార్మాట్ ద్వారా తేవాలి. స్టెప్‌లో ఆకారం వస్తుంది, యూనిట్లు సరిగ్గా వస్తాయి, కానీ స్కెచ్‌లు, ఫీచర్లు, ఏది ముందు ఏది వెనక అన్న చరిత్ర ఏదీ రాదు. ఒక ముద్దలాంటి సాలిడ్ వస్తుంది, దాన్ని చూసి కొలుచుకోవచ్చు గానీ ఎత్తు 50 మి.మీ. పెంచమంటే కుదరదు. వందల ఫైళ్లని అలా మార్చి పెట్టుకుంటే మార్చామన్న తృప్తి తప్ప పనికొచ్చేది ఏమీ ఉండదు. అందుకని పాత పని అంతటికీ మూడు రకాల కాపీలు తీసి పెట్టాం: స్టెప్, డ్రాయింగ్ పీడీఎఫ్, ఫ్లాట్ (వంచకముందు పరిచిన షీట్ ఆకారం) డీఎక్స్‌ఎఫ్, అంటే కటింగ్‌కి ఇచ్చే గీతల ఫైలు. జూనియర్ అమ్మాయి ఓపిగ్గా కూర్చుని చేసింది ఈ పని. పాత లైసెన్స్ ఒక కంప్యూటర్‌లో అలాగే ఉంచాం. ఏదైనా పాత ఐటమ్‌కి మళ్లీ ఆర్డర్ వస్తే అప్పుడు మాత్రమే ఫ్రీక్యాడ్‌లో కొత్తగా గీస్తున్నాం. చాలా ఐటమ్స్‌కి మళ్లీ ఆర్డర్ రాదు, వాటిని గీసి ఉంటే ఆ శ్రమ అంతా వృథా.

కె ఫ్యాక్టర్ లెక్క

సాలిడ్‌వర్క్స్‌లో మేం వాడుతున్నది బెండ్ డిడక్షన్ పట్టిక. అంటే ఈ మందానికి, ఈ డై మీద, 90 డిగ్రీలు వంచితే బయటి కొలతల మొత్తంలోంచి ఇంత తీసేయాలి అని. మేస్త్రి అనుభవంతో వచ్చిన అంకెలు అవి, పక్కాగా ఉండేవి. ఫ్రీక్యాడ్‌లో షీట్‌మెటల్ అనే యాడ్-ఆన్ వేసుకోవాలి, అది ఫ్లాట్ తీసేటప్పుడు అడిగేది కె ఫ్యాక్టర్. వంపులో లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగుతుంది, మధ్యలో ఎక్కడో పొడవు మారని ఒక పొర ఉంటుంది. ఆ పొర లోపలి వైపు నుంచి మందంలో ఎన్నో వంతులో ఉందో చెప్పేదే కె. ఒక పట్టిక నుంచి ఇంకో పట్టికకి సూత్రంతో మార్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. మార్చుకోవచ్చు, కానీ అందులో ఒక మెలిక ఉంది, అది ఎవరూ చెప్పరు.

3 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) షీట్ తీసుకోండి. 100 మి.మీ. పట్టీ కోసి, మధ్యలో 90 డిగ్రీలు వంచి, రెండు రెక్కల బయటి కొలతలు కూడితే మా 24 మి.మీ. వీ-డై (వీ ఆకారపు గాడి వెడల్పు 24) మీద 105.7 వస్తుంది. అంటే బెండ్ డిడక్షన్ 5.7. మా పాత మోడళ్లన్నిటిలో లోపలి రేడియస్ మందంతో సమానంగా, అంటే 3 అని పెట్టి ఉంది, అలవాటుగా అందరూ పెట్టేది అదే. ఆ రేడియస్‌తో లెక్కేస్తే కె 0.34 వస్తుంది. కానీ డైలో అడుగంటకుండా గాలిలో వంచేటప్పుడు లోపలి రేడియస్‌ని నిర్ణయించేది ప్రధానంగా వీ వెడల్పు. ఎంఎస్‌కి సుమారుగా వీ వెడల్పులో ఆరో వంతు, స్టెయిన్‌లెస్‌కి అయిదో వంతు. 24 వీకి దాదాపు 4 మి.మీ. వంపు వస్తుంది, రేడియస్ గేజ్ పెట్టి చూస్తే అదే కనపడుతుంది. 4 పెట్టి లెక్కేస్తే కె 0.43.

90 డిగ్రీలకి ఈ రెండు జతలూ ఒకే ఫ్లాట్ ఇస్తాయి, కాబట్టి ఇన్నాళ్లూ ఏ తేడా తెలియలేదు. 45 డిగ్రీల బెండ్‌కి వచ్చేసరికి ఒక్కో బెండ్‌కి దాదాపు 0.17 మి.మీ. తేడా పడుతుంది. రెండు బెండ్లున్న బ్రాకెట్‌కి ఫర్వాలేదు. హాపర్ లాంటి వాటిలో, మూలకి అయిదారు చిన్న చిన్న బెండ్లతో తిప్పే చోట, ఆ తేడాలన్నీ పోగై అంచులు కలిసే దగ్గర బయటపడతాయి, వెల్డర్ సుత్తి పట్టుకుంటాడు. అందుకని పాత పట్టికని సూత్రంతో మార్చడం మానేసి, మా దగ్గర వాడే ప్రతి మందానికి, ప్రతి డైకి కొత్తగా పట్టీలు వంచాం. లెక్క ఇదీ: రేడియస్, మందం కూడి రెండింతలు చేసి, అందులోంచి బెండ్ డిడక్షన్ తీసేస్తే బెండ్ అలవెన్స్. దాన్ని 1.5708తో భాగించి, రేడియస్ తీసేసి, మందంతో భాగిస్తే కె. పైన చెప్పిన పట్టీకి: 14 లోంచి 5.7 పోతే 8.3, భాగిస్తే 5.284, 4 తీసేస్తే 1.284, 3తో భాగిస్తే 0.43. క్యాలిక్యులేటర్ చాలు.

పట్టీ కొలిచేటప్పుడు షీట్ మందానికి చెప్పే గేజ్ పేరుని నమ్మొద్దు. 16 గేజ్ అని వచ్చిన షీట్‌ని మైక్రోమీటర్‌తో కొలవాలి, లాట్ లాట్‌కీ కొద్దిగా తేడా ఉంటుంది. స్టెయిన్‌లెస్ అయితే వంచాక వెనక్కి ఎక్కువ విచ్చుకుంటుంది, కోణం నిజంగా 90 ఉందో లేదో చూసుకున్నాకే రెక్కలు కొలవాలి.

రెండో మెలిక అంకెది. షీట్‌మెటల్ యాడ్-ఆన్ కె ఫ్యాక్టర్‌ని ఏ ప్రమాణంలో ఇస్తున్నావని అడుగుతుంది, అమెరికా ఆన్సీనా, జర్మనీ డిన్నా అని. పైన నేను చెప్పిన అంకెలు ఆన్సీ పద్ధతివి, 0 నుంచి 0.5 వరకు ఉంటాయి. డిన్ పద్ధతిలో అదే విషయాన్ని 0 నుంచి 1 వరకు చెప్తారు, అంటే సరిగ్గా రెండింతలు. 0.44ని డిన్ అని పెట్టి నొక్కితే ప్రోగ్రామ్ దాన్ని 0.22గా తీసుకుంటుంది, ఏ హెచ్చరికా రాదు, ఎందుకంటే అంకె తప్పేమీ కాదు. 2 మి.మీ. షీట్‌లో ఒక్క 90 డిగ్రీల బెండ్‌కి దాదాపు 0.7 మి.మీ. పోతుంది. ఒకే దిశలో నాలుగు బెండ్లున్న ట్రేకి ఆ దిశలో 2.8 మి.మీ. తక్కువ. ముగ్గురు మూడు కంప్యూటర్లలో పనిచేసే చోట ఇది ఎప్పుడో ఒకప్పుడు జరిగి తీరుతుంది. అందుకని చేతితో అంకె కొట్టే పనే తీసేశాం. ఫ్రీక్యాడ్‌లో "మెటీరియల్" అనే మాటతో మొదలయ్యే పేరు పెట్టి ఒక స్ప్రెడ్‌షీట్ తయారు చేస్తే, రేడియస్-మందం నిష్పత్తిని బట్టి కె ఎంతో దాని నుంచే తీసుకుంటుంది, ఏ ప్రమాణమో కూడా ఆ పట్టిక తలకట్టులోనే ఉంటుంది. ఎంఎస్‌కి ఒకటి, 304 స్టెయిన్‌లెస్‌కి ఒకటి, జీఐకి (జింక్ పూత షీట్) ఒకటి. మా ఖాళీ టెంప్లేట్ ఫైల్‌లోనే ఈ మూడూ ఉంటాయి, ఎవరు కొత్త పని మొదలుపెట్టినా ఆ ఫైలే తెరుస్తారు.

మొదటి నిజమైన పని

పలాసకి వెళ్లే జీడిపప్పు ట్రేలతో మొదలుపెట్టాం. పప్పు తొక్క వదలడానికి బోర్మా అనే వేడి గదిలో ఆరబెడతారు కదా, ఆ ట్రేలు. స్టెయిన్‌లెస్ షీట్, నాలుగు పక్కలా పైకి బెండ్, పై అంచు చేయి కోసుకోకుండా మళ్లీ చిన్న మడత. రాక్‌లో పట్టాల మీద జారాలి కాబట్టి వెడల్పులో ఒక మిల్లీమీటర్ ఎక్కువైనా ఇరుక్కుంటుంది, బాగా తక్కువైతే పట్టా మీద నుంచి జారి పడుతుంది. ఒక ప్రోగ్రామ్ ఫ్లాట్ ఎంత నిజం చెప్తుందో చూడటానికి ఇంతకంటే మంచి ఐటమ్ దొరకదు. ముందు ఒక్కటే కోయించి, వంచి, ఫ్యాక్టరీకి తీసుకెళ్లి వాళ్ల రాక్‌లోనే పెట్టి చూశాకే మిగతావి చేశాం.

అడుగున జల్లెడ రంధ్రాలు వేల సంఖ్యలో ఉంటాయి. వాటిని మోడల్‌లో గీయొద్దు. సాలిడ్‌వర్క్స్ అయినా నెమ్మదిస్తుంది, ఫ్రీక్యాడ్ అయితే కంప్యూటర్ స్తంభించిపోతుంది. జల్లెడ షీట్ ఎటూ తయారుగా కొంటాం, డ్రాయింగ్‌లో రంధ్రం సైజు, పిచ్ రాస్తే సరిపోతుంది. రంధ్రాలు బెండ్ లైన్‌కి దగ్గరగా పడకుండా సాదా అంచు ఎంత వదలాలో మాత్రం కొలత ఇవ్వాలి.

లేజర్ వాళ్లకి పంపే డీఎక్స్‌ఎఫ్ దగ్గర మరో సంగతి. చాలామంది పాత ఆర్12 డీఎక్స్‌ఎఫ్ అడుగుతారు, వాళ్ల మెషిన్ సాఫ్ట్‌వేర్ దాన్ని ఇబ్బంది లేకుండా తీసుకుంటుంది కాబట్టి. ఆ ఫార్మాట్‌లో స్ప్లైన్ (స్వేచ్ఛగా వంగే గీత) అనేదే లేదు, ఎలిప్స్ కూడా లేదు, యూనిట్ ఏమిటో చెప్పే చోటు కూడా లేదు. ఒకచోట ఫైల్‌ని అంగుళాలుగా తీసుకుంటే మా 400 మి.మీ. ట్రే పది మీటర్ల పైన చూపించింది. అంత పెద్ద తేడా కాబట్టి షీట్ మీద సర్దేటప్పుడే తెలిసిపోయింది. అప్పటినుంచి ప్రతి ఫైల్‌లో ఒక మూల వేరే లేయర్‌లో 100 మి.మీ. చదరం పెడుతున్నాం, అవతలివాళ్లు ముందు దాన్ని కొలిచి తర్వాత కోస్తారు. బెండ్ లైన్లు ఇంకో లేయర్‌లో పెట్టి మార్కింగ్ మాత్రమే చేయాలని రాస్తాం. బయటి గీత ఎక్కడా తెగకుండా మూసుకుని ఉందా, ఒకే గీత మీద ఇంకో గీత పడిందా అన్నది పంపే ముందు చూడాల్సిందే. గీత రెండుసార్లు ఉంటే లేజర్ రెండుసార్లు కోస్తుంది, అంచు కాలుతుంది, మనకి రెండు కోతల బిల్లు వస్తుంది.

ఫ్రీక్యాడ్ చేయలేనివి, మేం చేసుకున్నవి

సాలిడ్‌వర్క్స్‌లో లాఫ్టెడ్ బెండ్ అనే సౌకర్యం ఉంది. చతురస్రం నుంచి గుండ్రానికి మారే డక్ట్ ముక్క గీసి నొక్కితే ఫ్లాట్ ఇచ్చేస్తుంది. ఫ్రీక్యాడ్ షీట్‌మెటల్ యాడ్-ఆన్ సమతలాలు, స్థూపాకారపు వంపులు మాత్రమే విప్పగలదని అనుకుని పని చేయాలి. కోన్‌లు, ఇలాంటి మారే ఆకారాలు మన బాధ్యత. ఇది విని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేను ఆగమని చెప్పను, ఎందుకంటే కోన్ లెక్క చాలా తేలిక.

రైస్ మిల్లు సైక్లోన్ కింది కోన్ చూడండి. పైన వ్యాసం 600, కింద 200, ఎత్తు 900, మందం మధ్యలో కొలిచిన వ్యాసాలు అనుకుందాం. ఏటవాలు పొడవు 922. దాన్ని కొన దాకా పొడిగిస్తే పెద్ద చాపానికి రేడియస్ 1383, చిన్నదానికి 461. విప్పిన ముక్క కోణం 360 ఇంటూ 300 బై 1383, అంటే 78.1 డిగ్రీలు. ఈ నాలుగు లెక్కలూ ఫ్రీక్యాడ్ స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి స్కెచ్ కొలతలకి కలిపేశాం. రెండు వ్యాసాలు, ఎత్తు మార్చితే చాపాలు వాటంతట అవే మారతాయి. ఇప్పుడు కోన్ ఫ్లాట్ మా జూనియర్ చాలా త్వరగా ఇచ్చేస్తుంది, పైగా ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకి తెలుసు.

చతురస్రం-గుండ్రం ముక్కకి పాత ట్రయాంగులేషన్ పద్ధతే. మూలని త్రిభుజాలుగా విడగొట్టి, ఒక్కో భుజం అసలు పొడవు స్ప్రెడ్‌షీట్‌లో లెక్కించి, స్కెచ్‌లో ఒకదాని పక్కన ఒకటి పేర్చడం. మేస్త్రికి ఇది కంపాస్‌తో షీట్ మీద గీయడం కుర్రతనం నుంచీ వచ్చు. మొదటి ముక్కకి ఆయన చేతి లెక్క, మా స్కెచ్ పక్కపక్కన పెట్టి సరిచూశాం. నిజానికి ప్రెస్ బ్రేక్ మీద ఆ ముక్క చేసేదే గీత గీతకీ కొద్దికొద్దిగా వంచుతూ. కాబట్టి త్రిభుజాల ఫ్లాట్‌లో ఉన్న గీతలే ఆయనకి బెండ్ గీతలు, విడిగా గుర్తులు పెట్టే పని తగ్గింది.

వెల్డ్‌మెంట్ల (ముక్కలు వెల్డ్ చేసి కట్టే ఫ్రేముల) దగ్గర మాత్రం వెనకబడ్డాం, ఒప్పుకోవాలి. ఛానెల్, యాంగిల్‌తో స్టాండ్లు గీస్తే సాలిడ్‌వర్క్స్ ఏ ముక్క ఎంత పొడవో కట్ లిస్ట్ ఇచ్చేస్తుంది. ఫ్రీక్యాడ్‌లో భవనాల పనికి ఉన్న బీఐఎం వర్క్‌బెంచ్ (పనిముట్ల విభాగం) ప్రొఫైళ్లతో గీస్తున్నాం. అందులో యూరప్ సెక్షన్లు ఎక్కువ, మన దేశ ప్రమాణమైన ఐఎస్ 808 సైజులు విడిగా రాసి పెట్టుకోవాల్సి వచ్చింది. కట్ లిస్ట్ స్ప్రెడ్‌షీట్‌లో చేత్తో రాస్తున్నాం, ఇద్దరు చూడందే కోతకి ఇవ్వం. వందల భాగాలుండే పొడవాటి బకెట్ ఎలివేటర్ అసెంబ్లీ ఇప్పటికీ పాత ప్రోగ్రామ్‌లోనే ఉంది. 1.0లో అసెంబ్లీ వర్క్‌బెంచ్ వచ్చింది, బూట్, హెడ్ లాంటి చిన్నవాటికి బాగుంది, అంత పెద్దదానికి నేను ఇంకా సాహసించను.

డ్రాయింగ్ షీట్ల పని ఫ్రీక్యాడ్‌లోని టెక్‌డ్రా విభాగంలో. టైటిల్ బ్లాక్ టెంప్లేట్ ఎస్‌వీజీ బొమ్మ ఫైలే కాబట్టి ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌లో మాకు కావలసినట్టు గీసుకున్నాం. మన దగ్గర వాడే ఫస్ట్ యాంగిల్ అమరికలోనే వ్యూలు ఉన్నాయో లేదో సెట్టింగుల్లో ఒకసారి చూసి పెట్టుకోవాలి, షీట్ మీద గుర్తు కూడా ఉండాలి. టెక్‌డ్రాలో జాగ్రత్త ఒక్కటే. మోడల్ పూర్తిగా ఖరారు కాకముందు కొలతలు వేయొద్దు. ఆకారం మారితే అంచుల నంబర్లు మారి కొలత వేరే అంచుకి అతుక్కునే ప్రమాదం ఇంకా ఉంది. మార్పు చేస్తే షీట్‌లోని ప్రతి కొలతా మళ్లీ చూసుకోవాల్సిందే.

మొదటి డ్రాయింగ్ తీసుకెళ్లి చూపిస్తే మేస్త్రి చాలాసేపు చూసి, "బాబూ, బొమ్మ బాగుంది, బ్యాక్ గేజ్ ఎంత పెట్టాలో ఏదీ?" అన్నారు. బ్యాక్ గేజ్ అంటే ప్రెస్ బ్రేక్ వెనక షీట్ అంచు తగిలి ఆగే చోటు. ఆయనకి కావలసింది పూర్తయిన ట్రే కొలతలు కాదు, ఫ్లాట్‌లో ఏ అంచు గేజ్‌కి తగలాలి, అక్కడినుంచి బెండ్ గీత ఎంత దూరం, ఏ బెండ్ ముందు. ఎలాగూ కొత్త టెంప్లేట్ చేస్తున్నాం కదా అని ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తయారు చేశాం. షీట్ ఎడమవైపు ఫ్లాట్, గేజ్ అంచు నుంచి కొలతలు, బెండ్ల వరుస నంబర్లు, పక్కన తెలుగులో "పైకి 90", "కిందికి 45" అని. కుడివైపు పూర్తయిన ఆకారం. ఇప్పుడు మేస్త్రి క్యాబిన్‌లో కూడా ఒక పాత కంప్యూటర్‌లో ఫ్రీక్యాడ్ వేశాం. మోడల్ తిప్పి చూసుకుంటారు, కావలసిన చోట కొలుచుకుంటారు, కొలత కోసం నా దగ్గరికి రావడం తగ్గింది. ఈ మార్పులో అన్నిటికంటే లాభం ఇదేనని నా లెక్క.

నేర్చుకోవడం గురించి కూడా చెప్పాలి. పాలిటెక్నిక్‌లో ఆటోక్యాడ్ మాత్రమే నేర్చుకుని వచ్చిన మా జూనియర్ నాకంటే త్వరగా పట్టుకుంది. సాలిడ్‌వర్క్స్ అలవాటున్నవాళ్లకి కనపడిన ముఖం మీదల్లా స్కెచ్ గీయాలనిపిస్తుంది. ఫ్రీక్యాడ్‌లో మూల సమతలాలకి, స్ప్రెడ్‌షీట్ కొలతలకి కట్టి గీస్తేనే మోడల్ గట్టిగా నిలబడుతుంది. ఆమెకి మొదటి నుంచీ అదే నేర్పాను కాబట్టి ఆమె మోడళ్లు కొలత మార్చినా విరగవు. మౌస్ తిప్పే పద్ధతులు చాలా రకాలున్నాయి, ముగ్గురూ ఒకటే పెట్టుకుంటే ఒకరి కంప్యూటర్‌లో ఇంకొకరు కూర్చున్నప్పుడు చిరాకు ఉండదు.

కస్టమర్లు పంపే ఫైళ్ల విషయంలో పెద్దగా ఏమీ మారలేదు. మా పాత సాలిడ్‌వర్క్స్ వెర్షన్‌లో కొత్త వెర్షన్ ఫైళ్లు ఎటూ తెరుచుకునేవి కావు, అప్పుడూ స్టెప్ అడిగేవాళ్లం, ఇప్పుడూ అదే అడుగుతున్నాం.

మా కె పట్టిక పంపమని ఇప్పటికే ఒకరిద్దరు అడిగారు. పంపడానికి అభ్యంతరం లేదు, కానీ అది మా ప్రెస్ బ్రేక్‌ది, మా డైలది, మేం కొనే షీట్‌ది. మీ డై వీ వెడల్పు వేరైతే రేడియస్ వేరు, రేడియస్ వేరైతే ఆ అంకెలు మీకు పనికిరావు. తుక్కులోంచి 100 మి.మీ. పట్టీలు కోసి, మీ మెషిన్ మీద మీరే వంచి కొలవండి. అంకెలు వచ్చాక లెక్కలో సందేహం ఉంటే అడగండి, కలిసి చూద్దాం.